పసికందులేల మరణించిరి? ప్రసూతి ఆసుపత్రుల లెక్కలు తెలిపిన చరిత్ర

బిడ్డ పుట్టిన గడియ మొదలు ఇరువది యెనిమిది దినములు నిండువరకు గల కాలమును వైద్యులు నవజాత దశ యందురు. మనుష్యుని ఆయుష్షులో ఇంత చిన్నదియు, ఇంత ప్రమాదకరమైనదియు అగు భాగము మరియొకటి లేదు. 2022వ సంవత్సరమొక్క దానిలోనే ప్రపంచమున 23 లక్షల మంది శిశువులు ఈ దశ దాటకయే కన్నుమూసిరని ఐక్యరాజ్య సమితి సంస్థల అంచనా. ఇట్టి మరణములలో నాలుగింట మూడు వంతులు మొదటి వారములోనే సంభవించుచున్నవి.

పదునొకండవ నాడో, ఇరువది యొకటవ నాడో బారసాల చేయుట మన యిండ్లలో ఆచారము. అంతవరకు బిడ్డకు పేరుండదు. ఐర్లండు దేశపు తల్లులకు గల భయపు లెక్క తొమ్మిది దినములు. ఆ తొమ్మిది దినములు గడచినచో బిడ్డ దక్కినట్లే అని వారు తలచెడివారు. ఏ దేశములోనైనను ఈ లెక్కలు పుట్టినది అనుభవము నుండియే. కాని ఇండ్లలో జరిగిన ఆ మరణములు ఏ పుస్తకమునకును ఎక్కలేదు. ప్రసూతి ఆసుపత్రులు వెలసిన పిమ్మటనే ఎందరు పుట్టిరి, ఎందరు పోయిరి అను లెక్క ఒకచోట చేరెను. కావున ఈ చరిత్ర ఆసుపత్రి రిజిష్టరుతో ఆరంభమగుచున్నది.

డబ్లిను ఆసుపత్రి లెక్క

ఐర్లండు రాజధానియగు డబ్లిను నగరములో బార్తలొమ్యూ మాస్ అను శస్త్రవైద్యుడు 1745లో పేద స్త్రీల కొరకు ఒక ప్రసూతి ఆసుపత్రిని స్థాపించెను. మొదట అది పూర్వము నాటకశాలగా ఉండిన ఒక ఇంటిలో నడిచెను. మాస్ లాటరీలు నడిపియు, సంగీత కచేరీలు చేయించియు ధనము కూడబెట్టి 1757లో దానిని విశాలమైన స్వంత భవనమునకు మార్చెను. నేడు రొటండా అను పేరుతో ప్రసిద్ధి చెందిన ఆసుపత్రి ఇదియే.

పేద స్త్రీకి ఒక మంచము, వేడి అన్నపానములు, చూచుటకు వైద్యుడు, మంత్రసాని. ఇవి అన్నియు అచ్చట ఉండెను. అయినను 1782వ సంవత్సరాంతమున పుస్తకములు తీసి చూడగా తేలిన లెక్క యిది: అంతవరకు సజీవులుగా పుట్టిన శిశువులు 17,650 మంది, పుట్టిన పదునైదు దినములలోపల మరణించినవారు 2,944 మంది. అనగా ఆరుగురిలో ఒకరు. వీరిలో ఇరువదింట పందొమ్మిది వంతులు ఒకే వ్యాధితో పోయిరని ఆ లెక్కను ప్రకటించిన వైద్యుని అంచనా. ఆ వ్యాధిని జనులు ‘తొమ్మిదినాళ్ళ ఈడ్పు’ అని పిలిచెడివారు.

ఆ వైద్యుని పేరు జోసెఫ్ క్లార్క్. అప్పటికి ఆయన ఆ ఆసుపత్రిలో సహాయ వైద్యుడు. 1786లో దానికి అధిపతి ఆయెను. బిడ్డ చక్కగా పుట్టును, పాలు త్రాగును. కొన్ని దినములకు కారణము తెలియకుండ ఏడ్చును. నిద్రలో మెలికలు తిరుగును. తరువాత రొమ్ము పట్టలేదు, దవడలు బిగిసిపోవును, శరీరము కొయ్యబారును, ఈడ్పులు వచ్చును. ఒకటి రెండు దినములలో అంతయు ముగియును. వైద్యమేదియు పని చేయలేదు. అందుచేత క్లార్క్ వైద్యము సంగతి పక్కనబెట్టి కారణమును గూర్చి ఆలోచించెను. ఆయన విశేషము అంతయు ఇచ్చటనే ఉన్నది.

ఆయనకు మూడు అనుమానములు కలిగెను. మొదటిది, వార్డులలోని చెడుగాలి. రెండవది, బిడ్డలను పరిశుభ్రముగాను పొడిగాను ఉంచకపోవుట. మూడవది, తల్లుల అక్రమ జీవనము, ముఖ్యముగా సారాయి త్రాగుట. పేదవారి బిడ్డ పోయినపుడు తల్లిని తప్పుపట్టుట ఆ నాటి వైద్యులకు అలవాటు. ఆ అలవాటు ఆ కాలముతోనే అంతరించినదని చెప్పుటకు వీలులేదు. అయినను క్లార్క్ మూడవ అనుమానముపై నిలువక, తన చేతిలోనున్న మొదటి దానిని పట్టుకొనెను. ఆ దినములలో గాలిని గూర్చిన రసాయన పరిశోధనలు ఐరోపా అంతట క్రొత్త ఆసక్తిని రేపియుండెను. ప్రీస్ట్లీ 1774లోనే ఆక్సిజనును వేరుచేసియుండెను. మనుష్యులు గుమిగూడిన గదిలోని గాలి చెడునని విద్యావంతులందరు నమ్మినారు.

ఆసుపత్రి వార్డుల పైకప్పులలో 24 అంగుళముల పొడవు, 6 అంగుళముల వెడల్పు గల రంధ్రములు చేయించిరి. కిటికీ చట్రములకును తలుపుల పైభాగములకును అంగుళపు బెజ్జములు తొలిపించిరి. పెద్ద వార్డులలో మంచముల సంఖ్య తగ్గించిరి. వడ్రంగికి అయిన కూలి తప్ప వేరు ఖర్చు లేదు. పిమ్మట పుట్టిన 8,033 మంది శిశువులలో మరణించినవారు 419 మంది మాత్రమే. ఆరింట ఒకటిగా ఉండిన మరణము పందొమ్మిదింట ఒకటికి దిగెను.

ఈ లెక్కను తరగతిలో బాలుర చేత చేయించుట మంచిది. పాత నిష్పత్తియే నిలిచియున్నచో 8,033 మందిలో ఎందరు పోయియుందురు? సుమారు 1,340 మంది. పోయినవారు 419. తేడా తొమ్మిది వందలకు పైబడి. క్లార్క్ ఈ వృత్తాంతమును 1789లో రాయల్ ఐరిష్ అకాడమీ సంపుటములో ప్రకటించెను.

ఇంతకును ఆ వ్యాధి ఏమి? లక్షణములను బట్టి చూడగా అది నవజాత శిశువుల ధనుర్వాతము. వీపు విల్లువలె వంగుటచే ఆ పేరు వచ్చినది. 1884లో జర్మనీలో నికొలాయర్ అను యువకుడు తోటమట్టిని జంతువుల చర్మము క్రింద చొప్పించి ఈ వ్యాధిని పుట్టించెను. 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో, బెర్లినులో కోఖ్ ప్రయోగశాలలో, దీని సూక్ష్మజీవిని వేరుచేసి పెంచెను. ఇది మట్టిలోను పశువుల పేడలోను గట్టి కవచము గల బీజరూపమున సంవత్సరముల కొలది నిద్రించియుండును. దీనికి ఆక్సిజను గిట్టదు. కోసిన బొడ్డుతాడు మొదలు రక్తప్రసారము లేని మృతకణజాలము. అచ్చట ఆక్సిజను ఉండదు. అశుద్ధమైన కత్తి, కొడవలి, దారము, బొడ్డుపై అద్దిన బూడిద లేక పేడ - వీనిలో దేనివలననైన బీజము లోపలికి చేరినచో అది మేలుకొని విషమును స్రవించును. ఆ విషము నరములను చేరుటకు కొన్ని దినములు పట్టును. తొమ్మిది దినముల లెక్కకు అర్థమిదియే.

అయినచో చెడుగాలి ఈ రోగమునకు కారణము కాదు. పైకప్పున రంధ్రము చేసినంతమాత్రమున ధనుర్వాత బీజములు చావవు. మరి మరణములు తగ్గుటకు కారణమేమి? మంచములు తగ్గెను; గుంపు పలుచబడెను; వార్డులపై పెద్దల దృష్టి పడినపుడు గుడ్డలు, చేతులు, బిడ్డల బొడ్లు కొంత శుభ్రపడియుండును. ఏది ఎంత మేలు చేసినదో విడదీయుటకు ఆ లెక్కలు చాలవు. క్లార్క్ చెప్పిన కారణము సరికాదు. ఆయన చేసిన పని సరియైనది. వైద్యచరిత్రలో ఇట్టి దృష్టాంతములు అరుదు కావు. కాని ఆయన లెక్క వ్రాయకయున్నచో ఈ రెండవ సంగతియు మనకు తెలిసియుండదు.

క్లార్క్ మరియొక సంగతిని కూడ గమనించెను. తన ఆసుపత్రిలో ఆడశిశువుల కంటె మగశిశువులు ఎక్కువగా పోవుచుండిరి. 1786లో ప్రకటించిన వ్యాసములో ఆయన శిశువులను తూచి, తలలు కొలిచి, మగబిడ్డలు పెద్దవారగుటచే ప్రసవమున వారికి ఒత్తిడి ఎక్కువ అని వాదించెను. కారణము అంత సులభము కాదు. ఊపిరితిత్తులు పరిపక్వమగుటలో మగశిశువులు కొంత వెనుకబడుదురని నేడు తెలిసినది. కాని మగబిడ్డకు ప్రమాదమెక్కువ అన్న మాట నేటికిని నిజమే. ‘కారణము’ వేరు, ‘ప్రమాదమును పెంచు స్థితి’ వేరు అను భేదము ఇచ్చట తొంగిచూచుచున్నది. మగవాడై పుట్టుట రోగము కాదు గదా.

ధనుర్వాతమునకు చివరకు ఉపాయము దొరికినది శిశువు వద్ద కాదు, తల్లి వద్ద. గర్భిణికి విషనిరోధక టీకా వేసినచో ఆమె రక్తమునుండి రక్షణ బిడ్డకు చేరును. న్యూగినీ ద్వీపములో స్కోఫీల్డ్, ఆయన సహచరులు దీనిని పరీక్షించి 1961లో ఫలితములు ప్రకటించిరి. మన దేశములో తల్లీబిడ్డల ధనుర్వాతమును నిర్మూలించిన మొదటి రాష్ట్రముగా ఆంధ్రప్రదేశ్ 2003లో గుర్తింపు పొందెను. దేశమంతట నిర్మూలనము 2015లో ధ్రువపడెను. నిర్మూలనమనగా బీజము నశించుట కాదు. అది మట్టిలో యథాప్రకారము ఉన్నది. ప్రతి జిల్లాలోను వేయి జననములకు ఒక్క రోగి కంటె తక్కువకు దింపి, ఆ స్థితిని నిలుపుకొనుట అని అర్థము.

వియన్నా నగరపు పెద్ద ప్రభుత్వాసుపత్రిలో సెమెల్వైస్ 1847లో వైద్యుల చేతులను క్లోరిను ద్రావణముతో కడిగించి బాలింతల జ్వరమును తగ్గించిన కథ అందరెరిగినదే. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు పురుడు పోయుచుండిరి. అంతగా ప్రచారము లేని సంగతి యేమనగా, సెమెల్వైస్ శిశువుల మరణములను కూడ పట్టికలుగా వ్రాసెను. తల్లి ఏ విషముతో పోయెనో బిడ్డయు దానితోనే పోవుచుండెనని ఆయన శవపరీక్షల వలన గ్రహించెను.

పారిసులో కోడిపిల్లల పెట్టె

ధనుర్వాతము, చీముపట్టు జ్వరము - ఇవి బయటినుండి వచ్చు శత్రువులు. నెలలు నిండక పుట్టిన బిడ్డకు మరియొక శత్రువు కలదు. అది చలి. పెద్దవారికి హాయిగా తోచు గది గాలియే వాని పాలిట చలి.

దీనికి భౌతికశాస్త్రము సులభముగా సమాధానము చెప్పును. వస్తువు చిన్నదైన కొలది దాని ఘనపరిమాణముతో పోల్చగా పైతలము ఎక్కువ. వేడి పుట్టునది శరీరపు ఘనములో. పోవునది పైతలము ద్వారా. కిలోగ్రాము బరువు గల శిశువుకు చర్మము క్రింద క్రొవ్వు లేదు, వణకుటకు శక్తి లేదు, చర్మము పలుచన. తడి తుడువకుండ అర్ధగంట ఉంచినచో వాని శరీరపు వేడి ప్రమాదస్థితికి దిగజారును. శరీరము చల్లబడిన బిడ్డ పాలు త్రాగలేదు. పాలు లేనిచో వేడి పుట్టదు.

పారిసులోని మెటర్నితే ఆసుపత్రి పేదలకొరకు నడుపబడిన ప్రజాసంస్థ. దానిలో ప్రసూతి వైద్యుడైన స్టెఫాన్ టార్నియర్ 1878లో నగరపు జంతుప్రదర్శనశాలకు పోయి, అచ్చట కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెలను చూచెను. గ్రుడ్డు నిలిచినచో బిడ్డ ఏల నిలువడు? ఆ పెట్టెలను చేసిన ఒదీల్ మార్తెన్ అను పనివాని చేతనే శిశువులకు తగిన పెట్టెను చేయించి, 1880 ప్రాంతమున ఆసుపత్రిలో పెట్టించెను. రెండు పొరల చెక్కగోడలు, వాని నడుమ రంపపుపొట్టు, క్రింద వేడినీటి తొట్టి, పైన గాజుమూత, గాలిలో తేమకొరకు తడిపిన స్పాంజి. అంతే యంత్రము. 2,000 గ్రాముల లోపు బరువుతో పుట్టిన శిశువులలో అంతకు పూర్వము నూటికి 66 మంది పోవుచుండిరి. పెట్టె వచ్చిన తరువాత పోయినవారు నూటికి 38 మంది. టార్నియర్ సహాయకుడు ఓవార్డ్ ఈ లెక్కను 1883లో ప్రకటించెను.

టార్నియర్ శిష్యుడు పియర్ బ్యూదెన్ గురువుకంటె ఒక మెట్టు ముందుకు పోయెను. పెట్టెలో బ్రతికిన బిడ్డ ఇంటికి పోయి రెండు నెలలలో విరేచనములతో మరణించినచో ఆసుపత్రి చేసిన మేలేమి? ఆ నాటి పారిసులో పోతపాలు త్రాగిన శిశువులు వేసవిలో కుప్పలుగా పోవుచుండిరి. బ్యూదెన్ 1892లో షారితే ఆసుపత్రిలో వారమునకొక దినము తల్లులను రప్పించి, బిడ్డలను తూచి, తల్లిపాలు ఇచ్చునట్లు ప్రోత్సహించి, పాలు చాలనివారికి కాచిన పాలు సీసాలలో ఇప్పించు పద్ధతిని స్థాపించెను. నేడు మన అంగన్వాడీలలో చూచు తూకపు పట్టికకు ఇది పూర్వరూపమని చెప్పవచ్చును. బిడ్డ చాల దినములు పెట్టెలో ఉండిపోగా తల్లికి పాలు ఎండిపోవుటయు, కొందరు తల్లులు మరల రాకుండుటయు ఆయన కంటపడెను. అందుచేత తల్లిని దగ్గర ఉంచవలెననియు, ఆమె చూచునట్లు పెట్టెకు గాజుగోడలు ఉండవలెననియు ఆయన పట్టుపట్టెను. 1900లో ఆయన ఈ విషయములన్నియు ఒక గ్రంథముగా ప్రకటించెను.

తరువాత జరిగినది కొంత విచిత్రము. యంత్రము దేశములు తిరిగెను, తల్లి వెనుకబడెను. 1896లో బెర్లిను ప్రదర్శనములో బ్రతికియున్న శిశువులతో సహా ఈ పెట్టెలను జనులకు టికెట్టుపై చూపిరి. న్యూయార్కు సమీపమున కోనీ ఐలండు వినోదశాలలో మార్టిన్ కూనీ అను నతడు 1903 మొదలు 1943 వరకు ప్రతి వేసవిని ఇట్టి ప్రదర్శనము నడిపెను. జాలిపడవలసినదే కాని, అప్పట్లో అమెరికాలో అనేక ఆసుపత్రులకు ఆ పెట్టెలే లేవు. చూడవచ్చినవారి టికెట్టు డబ్బులతో ఆ బిడ్డలకు దాదులు, పాలు, వైద్యము ఉచితముగా లభించెను.

వేడి సంగతియు క్రమముగా మరుగున పడెను. న్యూయార్కులో విలియం సిల్వర్మన్, ఆయన సహచరులు నెలలు నిండని శిశువులను చీట్లువేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టును 28.9 డిగ్రీల సెంటీగ్రేడు గల పెట్టెలలోను, రెండవ జట్టును 31.7 డిగ్రీల పెట్టెలలోను ఉంచిరి. 1958లో ప్రకటించిన ఫలితము: మూడు డిగ్రీలైనను లేని తేడా వలన వెచ్చని జట్టులో నూటికి 15 మంది అధికముగా బ్రతికిరి.

ఊపిరి

పుట్టగానే ఏడ్వని బిడ్డను పూర్వము అనేకచోట్ల ‘మృతశిశువు’ అని వ్రాసి పక్కన పెట్టెడివారు. 1952లో అమెరికాలో మత్తువైద్యురాలు వర్జీనియా ఆప్‌గార్ గుండె వేగము, ఊపిరి, కండరముల బిగువు, స్పందన, రంగు అను ఐదింటికి సున్న మొదలు రెండు వరకు మార్కులు వేయు పద్ధతిని ప్రతిపాదించెను. మార్కు వేయవలెనన్నచో బిడ్డను చూడవలెను. చూచినచో, ఊపిరి లేనివానికి ఊపిరి పోయుటకు ప్రయత్నము జరుగును. ఈ చిన్న పద్ధతి వలన కలిగిన మేలు అపారము.

ఆక్సిజను కథ ఇంత సూటిగా లేదు. నెలలు నిండని బిడ్డలకు ఊపిరి కష్టమగుట చూచి, 1940 ప్రాంతమున ధనిక దేశముల ఆసుపత్రులు పెట్టెలలోనికి ఆక్సిజనును ధారాళముగా వదలెను. 1942లో బోస్టనులో టెరీ అను నేత్రవైద్యుడు ఇట్టి శిశువులలో క్రొత్తరకపు అంధత్వమును వర్ణించెను. పండ్రెండేండ్లలో ప్రపంచమున సుమారు 10,000 మంది బిడ్డలు కన్నులు కోల్పోయిరి. పేద ఆసుపత్రుల కంటె ధనవంతమైన ఆసుపత్రులలోనే ఇది అధికము. 1953-54లో అమెరికాలోని 18 ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్షలో అధిక ఆక్సిజనే దోషి అని తేలెను. వెంటనే ఆక్సిజనును బిగపట్టిరి, అంధత్వము తగ్గెను. అయితే ఊపిరాడక పోయినవారి సంఖ్య పెరిగెను. ఒక్కొక్క బిడ్డ చూపు కాపాడుటకు సుమారు 16 మంది ప్రాణములు పోయియుండునని కెన్నెత్ క్రాస్ 1973లో అంచనా వేసెను. ఔషధమునకు మోతాదు ఉన్నట్లే గాలికిని మోతాదు ఉన్నదని ఇంత మూల్యము చెల్లించి నేర్చుకొనవలసి వచ్చెను. నేడు బిడ్డ రక్తములోని ఆక్సిజనును నిరంతరము కొలుచు పరికరములు వచ్చినవి. అవి చాలని చోట్ల ఈ అంధత్వము నేటికిని కలదు.

ఆ బిడ్డలకు ఊపిరి ఏల ఆడదు? సబ్బునీటి బుడగలను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. తడి తలము ఎల్లప్పుడును ముడుచుకొనిపోవ జూచును. బుడగ చిన్నదైన కొలది లోపలికి లాగు ఒత్తిడి అధికము. ఊపిరితిత్తులలోని గాలిగదులు ఇట్టి సన్నని తడి బుడగలే. అవి ముడుచుకొనిపోకుండ సర్ఫాక్టెంట్ అను జిగురు పదార్థము లోపల పూతగా ఉండి తలతన్యతను తగ్గించుచున్నది. గర్భములో చివరి వారములలో గాని ఇది చాలినంత తయారుకాదు. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ అను శాస్త్రజ్ఞులు, ఊపిరాడక మరణించిన శిశువుల ఊపిరితిత్తులలో ఈ పూత లోపించినదని చూపిరి. నాలుగేండ్ల తరువాత, 1963 ఆగస్టులో, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు ఐదున్నర వారములు ముందుగా పుట్టి ఈ వ్యాధితోనే 39 గంటలలో మరణించెను. అధ్యక్షుని కుమారునికి లభింపని చికిత్స ఆనాడు ఎవరికిని లేదు.

అది న్యూజిలండు దేశములో ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి నుండి వచ్చెను. ఆక్లండు నగరములో గ్రాహం లిగిన్స్ గొర్రెలలో ప్రసవమునకు నాందియేమని పరిశోధించుచుండెను. కార్టికోస్టెరాయిడు మందు పొంది, చాల ముందుగా పుట్టిన ఒక గొర్రెపిల్ల చావవలసినది. కాని అది ఊపిరి పీల్చుచుండెను. కోసి చూడగా దాని ఊపిరితిత్తులు వయస్సుకు మించి పరిపక్వమైయుండెను. లిగిన్స్, శిశువైద్యుడు రాస్ హౌవీతో కలిసి, నెలలు నిండకుండ ప్రసవించనున్న 282 మంది తల్లులతో పరీక్ష చేసెను. మందు పొందిన తల్లుల బిడ్డలలో తొలి మరణములు నూటికి 3.2, పొందనివారిలో నూటికి 15. ఈ ఫలితము 1972లో ప్రకటితమాయెను. ఖరీదైన మందు కాదు; రెండు సూదులు చాలును. అయినను అమెరికా ఆరోగ్యసంస్థ దీనిని అందరకు సిఫారసు చేయుటకు 1994 వరకు పట్టెను. నడుమ గల ఇరువది రెండేండ్లలో ఎందరు శిశువులు ఈ సూది లేక పోయిరో లెక్క కట్టుట బాధాకరమైన పని.

మన ఆసుపత్రులు

మన దేశములో 2005-06లో నూటికి 39 ప్రసవములు మాత్రమే ఆసుపత్రులలో జరిగెను. 2005లో ప్రారంభమైన జననీ సురక్షా యోజన మొదలగు పథకముల వలన ఇది 2015-16 నాటికి 79కి, 2019-21 నాటికి 89కి పెరిగెను. వేయిమందికి 2000లో 44 ఉండిన నవజాత మరణములు 2020 నాటికి 20కి దిగెను. ఇండ్లలో జరిగెడి మరణములు ఆసుపత్రి పుస్తకములకెక్కుట కూడ దీనితోపాటు జరిగినది. పెద్దాసుపత్రిలో శిశుమరణములు అధికముగా కనబడినంత మాత్రమున ఆ ఆసుపత్రి చెడ్డదనుట తొందరపాటు. అచ్చటికి చేరువారే ఎక్కువ జబ్బుపడిన బిడ్డలు. కొందరు దూరపు గ్రామములనుండి రెండు మూడు ఆసుపత్రులు తిరిగి, దారిలో చల్లబడి, ఆలస్యముగా వచ్చుచున్నారు. అచ్చటనే పుట్టినవారి లెక్కను, బయటినుండి తెచ్చినవారి లెక్కను విడివిడిగా చూచిన గాని నిజము తేలదు.

కారణములు ప్రధానముగా మూడు: నెలలు నిండకపోవుట, తూకము తక్కువగుట వలన కలుగు ఉపద్రవములు, ప్రసవ సమయమున ఊపిరాడకపోవుట, సూక్ష్మజీవుల వలన రక్తము విషపూరితమగుట. ప్రమాదమును పెంచు స్థితులు అనేకము. తల్లి రక్తహీనత, మరీ చిన్న వయస్సున గర్భము, కాన్పునకు కాన్పునకు నడుమ వ్యవధి చాలకపోవుట, కవలలు, అధిక రక్తపోటు, ఉమ్మనీరు ముందుగా పోవుట - ఇవి బిడ్డ పుట్టకముందే పనిచేయుచున్నవి.

పశ్చిమ బెంగాలులోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో శిశువుల కొరకు ప్రత్యేక విభాగము నెలకొల్పిరి. మరణములు తగ్గుట చూచి, ఆ మాదిరిని దేశమంతట జిల్లా ఆసుపత్రులలో అనుసరించిరి. ఆసుపత్రి లేనిచోట ఏమి చేయవచ్చునో మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు అంతకు పూర్వమే చూపియుండిరి. గ్రామ స్త్రీలకే శిక్షణ యిచ్చి ఇండ్లలో శిశువులను చూపించగా మరణములు నూటికి 62 వంతులు తగ్గినవని వారు 1999లో ప్రకటించిరి.

కాని గుంపు చేరినచోట క్లార్క్ ఎదుర్కొన్న చిక్కు మరల తలయెత్తుచున్నది. 2011-14 నడుమ ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రులలో జరిగిన పరిశీలనలో, విభాగములలో చేరిన శిశువులలో నూటికి 14 మందికి రక్తవిషము సోకినట్లు తేలెను. దానిని కలిగించిన సూక్ష్మజీవులు పెక్కు మందులకు లొంగనివి. పుట్టిన మూడు దినములలోపలనే అధికభాగము ఈ వ్యాధి పొడసూపినది. అనగా ప్రసవపు గదిలోనే, పుట్టిన తొలి గంటలలోనే బిడ్డకు ఇవి అంటుచుండవచ్చును.

తల్లి తిరిగి వచ్చుట

దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో పేదల ప్రసూతి ఆసుపత్రి ఒకటి కలదు. 1978లో అచ్చట ఒక్కొక్క ఇంకుబేటరులో ఇద్దరు ముగ్గురు శిశువులను పెట్టవలసి వచ్చుచుండెను. ఒకరి రోగము మరియొకరికి అంటుచుండెను. ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ములనడుమ, చర్మమునకు చర్మము తగులునట్లు నిలువుగా కట్టి, తల్లి శరీరమునే ఇంకుబేటరుగా చేసెను. కంగారూ తన సంచిలో పిల్లను పెంచినట్లుండుటచే ఆ పేరే ఈ పద్ధతికి నిలిచినది. హెక్టర్ మార్టినెజ్ దీనిని ఆయనతో కలిసి విస్తరింపజేసెను. పేదదేశపు తాత్కాలిక ఉపాయమని చాలకాలము పెద్ద వైద్యులు దీనిని చిన్నచూపు చూచిరి. బిడ్డ స్థిమితపడిన తరువాతనే, అనగా కొన్ని దినములు గడచిన పిమ్మటనే, దీనిని ఆరంభింపవలెనని నియమము పెట్టిరి. అయితే మరణించు శిశువులలో పెక్కురు ఆ లోపలనే మరణించుచుండిరి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని పరీక్షింపదలచి ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా, భారతదేశములలో ఐదు ఆసుపత్రులను ఎన్నుకొనెను. మన దేశమునుండి పాల్గొన్నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ప్రభుత్వాసుపత్రి. కిలోగ్రామునకు తగ్గక, 1,800 గ్రాములకు లోబడిన శిశువులు 3,211 మంది ఈ పరీక్షలో చేరిరి. ఒక జట్టులో బిడ్డ పుట్టిన వెంటనే, ఇంకను అస్థిరముగా ఉండగనే, తల్లి ఎదపై ఉంచిరి. దీనికొరకు శిశువుల విభాగములోనికే తల్లుల మంచములు తెప్పించవలసి వచ్చెను. అంతవరకు తల్లులు తలుపు బయట నిలువవలసినవారు. వారితో సూక్ష్మజీవులు లోపలికి వచ్చునని భయము. 2021లో ఫలితము ప్రకటితమాయెను. ఇంకుబేటరులో ఆరంభించిన జట్టులో నూటికి 15.7 మంది మరణించగా, తల్లి ఎదపై ఆరంభించిన జట్టులో మరణించినవారు 12 మంది. మేలు స్పష్టముగా కనబడుటచే పరీక్షను అనుకొన్న గడువుకు ముందే ఆపివేసిరి. రక్తవిషము అనుమానింపబడినవారు మొదటి జట్టులో నూటికి 27.8, తల్లులు లోపలికి వచ్చిన జట్టులో 22.9.